పెనం చూసే రొట్టె

మా ఇంగ్లీషు మేడం ఇల్లు వికారాబాద్‌లో, అనంతగిరికి పోయే రోడ్డు పక్కన ఉంది. గేటు నుంచి గడప దాకా పద్నాలుగు అడుగులు. వరండాలో పరిచినవి మా తాండూరు బండలే, రెండడుగులకు రెండడుగులవి, అడ్డంగా ఆరు, నిలువుగా నాలుగు, మొత్తం తొంభై ఆరు చదరపు అడుగులు. అందులో ఒకదానికి మూల విరిగింది. ఇదంతా చూసుకున్నాక గానీ నేను తలుపు కొట్టలేదు. నాకు చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు ఇది. గుడికి పోతే మెట్లు, పెళ్ళికి పోతే కుర్చీలు, ఆస్పత్రికి పోతే నాకంటే ముందు కూర్చున్న మనుషులు ఎందరో తేలితే తప్ప నా మనసు కుదుటపడదు. తాండూరులో ఒక బండల పాలిషింగ్ యూనిట్‌లో ఇరవై ఆరేళ్లుగా నా పని కూడా అదే. లారీకి ఎక్కే ప్రతి బండనూ కొలిచి ఎన్ని అడుగులో చెప్పడం. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మా నాయిన పాలిషింగ్ మిషన్ మీద పనిచేసే రోజుల్లో సద్ది ఇవ్వడానికి పోయి, టేపు పట్టుకున్నవాళ్ల నోళ్లు చూస్తూ చూస్తూ నేర్చుకున్నాను. వాళ్లు కాగితం మీద గుణించేలోపు నేను నోటితో చెప్పేదాన్ని. అక్కడ నా పేరు మణెమ్మ అని తెలిసినవాళ్లు తక్కువ. అందరికీ ఫీట్లక్కనే.

మేడం తలుపు తీసి నన్ను పైనుంచి కిందికి చూశారు. "గేటు దగ్గర అంతసేపు ఏం చేస్తున్నావే?"

"మీ వరండాల ఒక బండ మార్చాలె మేడం."

"ముప్పై ఆరేళ్లకు వచ్చి ముందు నా బండకు వంక పెట్టింది చూడు" అని నవ్వి లోపలికి తీసుకుపోయారు.

నన్ను పిలిచింది ఒక రేకు పెట్టె కోసం. తాండూరు ఆడపిల్లల బడిలో పాఠం చెప్పినన్నాళ్లూ మా చేత రాయించిన నోట్‌బుక్కుల్లో నచ్చినవి కొన్ని ఆమె దాచుకున్నారట. రిటైరయ్యాక, మోకాళ్లు మొరాయించాక, వాటిని చిన్న పుస్తకంగా వేయాలన్న ఆలోచన వచ్చిందట. రాసినవాళ్లను ఒక్కొక్కరినే వెతికి పట్టుకుని అనుమతి అడుగుతున్నారు. ఆ తర్వాత ఏం జరిగిందో ప్రతి ఒక్కరూ వెయ్యి మాటల్లో రాసివ్వాలని షరతు. "నీ విషయంలో మాత్రం నీ అనుమతి ఒక్కటే చాలదు, మీ అమ్మది కూడా కావాలి. ఎందుకో నీకు తెలుసు" అన్నారు.

ఎందుకో నాకు తెలుసు. నోట్‌బుక్ చేతికి తీసుకుంటే అట్టకు వేసిన గోధుమరంగు కాగితం పొడిపొడిగా రాలింది. లోపల నా గుండ్రటి చేతిరాత, సగం తప్పుల ఇంగ్లీషు, పైన ‘మా ఇంట్లో ఒక పొద్దు’ అన్న శీర్షిక. మూడో పేజీలో మేడం దిద్దిన ఎర్ర సిరా ఒకచోట మిరియపు గింజంత అలుక్కుపోయి ఉంది. అది ఆమె కంటి నీటిచుక్క. తొమ్మిదో తరగతిలో నేను సాధించిన ఘనకార్యాల్లో అదొకటి. తప్పుడు లెక్కతో మా టీచరును ఏడిపించాను.

ఆ రోజుల్లో మేడం వికారాబాద్ నుంచి రోజూ పొద్దున ప్యాసింజర్ రైల్లో వచ్చేవారు. ఆమె క్లాసులోకి వస్తే కొబ్బరినూనె వాసన, రైలు ఇనుప వాసన, టిఫిన్ డబ్బాలోంచి నిమ్మకాయ పులిహోర వాసన ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. కుర్చీలో కూర్చోవడం మేము చూడలేదు. రైల్లో ఎట్లాగూ కూర్చునే వచ్చాను గదా అనేవారు, అది అబద్ధమని ఆ రైలు ఎక్కిన వాళ్లందరికీ తెలుసు. మొదటి వారం ఆమె మాకు పాఠమే చెప్పలేదు. పుస్తకం తెరిచి, ఎన్ని పాఠాలున్నాయి, ఎన్నింటిలో ఆడవాళ్లు నోరు తెరిచి మాట్లాడారు, లెక్కపెట్టమన్నారు. ఇంగ్లీషు పుస్తకంలో కూడా లెక్కలుంటాయని అప్పటిదాకా నాకు తెలియదు. అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే. పాఠాలు పద్నాలుగు. ఆడవాళ్లు మాట్లాడినవి మూడు. ఆ ముగ్గురిలో ఒకామె రాణి, ఒకామె మంత్రగత్తె, మూడో ఆమె దారి అడిగి వెళ్లిపోయే ముసలమ్మ.

"మిగతా పదకొండు పాఠాల్లో ఆడవాళ్లంతా ఏమయ్యారు?" అని అడిగారు మేడం.

వెనక బెంచీలోంచి షహనాజ్ అన్నది, "లోపల వంట చేస్తుండొచ్చు మేడం. మొగోళ్లకు మాట్లాడి మాట్లాడి ఆకలైతది గదా."

క్లాసంతా నవ్వింది. మేడం కూడా నవ్వారు కానీ వదల్లేదు. "సరే. ఆ వంట సంగతి ఎవరూ రాయలేదు. మీరు రాయండి, వచ్చినంత ఇంగ్లీషులో. మీ ఇంట్లో ఒక పొద్దు. ఏ పని జరిగినా అది చేసినవాళ్ల పేరు అందులో ఉండాలి. ‘అమ్మ’ అని కాదు, పేరు."

ఆ పేరు దగ్గరే సగం మంది ఆగిపోయారు. మా అమ్మను బస్తీలో అందరూ చించోలామె అనేవారు. ఆమె పుట్టిల్లు సరిహద్దు అవతల, కన్నడం మాట్లాడే చించోళి దిక్కు. నాయిన ఆమెను పేరుపెట్టి పిలవడం నేను వినలేదు, ‘ఇగో’ అనేవాడు. నాయనమ్మ ‘పిల్లా’ అనేది. ఇంటికి పోయి రేషన్ కార్డు తీసి చూసుకుంటే నీలమ్మ అని ఉంది. నేను పుట్టిన పద్నాలుగేళ్లకు ఇంగ్లీషు పుణ్యమా అని మా అమ్మ పేరు తెలిసింది.

మాది గొర్లు కాసిన ఇల్లు. బంట్వారం దగ్గరి ఊరి నుంచి తాత చనిపోయాక తాండూరు వచ్చేశారు. గొర్లు పోయినా నాయనమ్మకు లెక్క పోలేదు. సాయంత్రం మంద ఇంటికి వచ్చేటప్పుడు లెక్కపెట్టిన చెయ్యి కదా, వేలికి మూడు కణుపుల చొప్పున బొటనవేలితో తాకుతూ, పన్నెండు నిండగానే ఒక గులకరాయి పక్కన వేసే అలవాటు. బస్తీలో గొర్లు లేవు కాబట్టి ఇంటి ముందు పోయే ట్రాక్టర్లను లెక్కపెట్టేది. నా జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. ఆమెకు ఒక నియమం ఉండేది. పొయ్యి మీద మొదట కాలిన రొట్టె ఆవుకు. రోజూ పొద్దున మా గడప ముందుకు ఒక ఎర్రావు వచ్చి నిలబడేది, అది ఎవరిదో మాకు తెలియదు, దానికి మాత్రం మా ఇల్లు బాగా తెలుసు. అది తిన్నాకనే ఇంట్లో మనిషి నోట్లో ముద్ద పడాలి. కోడలైనా, కొడుకైనా.

మేడం చెప్పిన పనికి నేను ఎంచుకున్నది రొట్టెలనే. ఇంగ్లీషు మాటలు తక్కువ పడతాయి, అంకెలు ఎక్కువ పడతాయి, అదీ నా ఉపాయం. అమ్మ జొన్నరొట్టె కొడితే చప్పుడు బస్తీకంతా వినిపించేది. మరిగే నీళ్లు పిండిలో పోసినప్పుడు తియ్యటి వాసన ఒకటి లేచేది, ఆ తర్వాత పీట మీద అరచేతి దెబ్బలు, ఆ తర్వాత పెనం మీద తడిగుడ్డ అద్దిన సుయ్ మనే చప్పుడు. ఒక్కో రొట్టె అయిపోయినప్పుడల్లా అమ్మ నోట్లోనే కన్నడంలో లెక్క చెప్పుకునేది, ఒందు, ఎరడు, మూరు అని. నేను దుప్పటిలోంచి లేవకుండా, చెవులతోనే లెక్కపెట్టాను. వరసగా ఆరు రోజులు. ఆరు రోజులూ ఇరవై రెండే. తర్వాత ఎవరెన్ని తిన్నారో కళ్లతో చూశాను. ఆవుకు ఒకటి, నాయినకు అయిదు, చిన్నాయనకు ఆరు, నాయనమ్మకు మూడు, అన్నకు నాలుగు, నాకు మూడు. కూడితే ఇరవై రెండు. అంకె సరిగ్గా కుదిరినందుకు సంతోషపడి, అంతలోనే గతుక్కుమన్నాను. అమ్మకు సున్నా.

ఆ రోజు నా మూడో రొట్టెను తినడం మానలేదు గానీ, బాధపడుతూ తిన్నాను. బడికి పోయి రాశాను, నీలమ్మ ఇరవై రెండు రొట్టెలు చేస్తుంది, నీలమ్మ పొద్దున ఒక్క రొట్టె కూడా తినదు, నీలమ్మ మధ్యాహ్నం అన్నం దాకా ఖాళీ కడుపుతో ఉంటుంది. మేడం ఎర్ర పెన్నుతో దిద్దుతూ దిద్దుతూ ఆగిపోయారు. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచారు. తుడిచింది అద్దాలనే కానీ తడిసింది నా పేజీ. బడి వార్షికోత్సవంలో మైకు ముందు ఇదే చదవాలని అక్కడికక్కడే చెప్పేశారు. తొమ్మిదో తరగతిలో నలభై ఒక్కమంది ఉంటే నన్నే ఎంచారు. ఇంటి దాకా ఎగురుకుంటూ వచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం అమ్మ చాటలో కందులు చెరుగుతుంటే పక్కన కూర్చుని నా రాతను తెలుగులో చదివి వినిపించాను. మెచ్చుకుంటుందనుకున్నాను. చాట ఆగిపోయింది.

"ఎవరు తినలేదంటున్నవ్?"

"నువ్వే అమ్మా."

"నేను తినలేదని ఎవరు చెప్పిన్రు నీకు?"

"ఎవరన్న చెప్పాల్నా? ఇరవై రెండు కొట్టినవ్, ఇరవై రెండు అయిపోయినయ్."

"నీ లెక్కల మన్ను పడ" అని అమ్మ వాకిట్లోకి చూసింది. నాయనమ్మ నులకమంచం మీద కూర్చుని ట్రాక్టర్ల కోసం ఎదురు చూస్తోంది. అమ్మ గొంతు తగ్గించింది. "నేను నీకు గంత పిచ్చిదాని తీరు కనవడుతున్ననా? మందికంత పెట్టి కడుపు మాడ్చుకొని కూసుంటననుకున్నవా? పెనం కాలిందో లేదో ఎట్ల తెలుస్తది? ఒకటి ఏసి చూడాలె గదా. ఆ చూసేది నాది."

"మరి చప్పుడు రాదేంది?"

"ఎందుకొస్తది? దాన్ని తట్టను. పెనం మీదనే ఏళ్లతోని ఒత్తుత. తడితే మీ నాయనమ్మ లేవదా?"

వేడి వేడి రొట్టె, దాని మీద పల్లీల కారం, నాలుగు నూనె చుక్కలు. మేమంతా నిద్రలో ఉండగా, పొయ్యి ముందు ఒక్కతే కూర్చుని తినేది. ‘ఒందు’ అనే మాటకు ముందే అది అయిపోయేది. అంటే ఆవు కంటే ముందు. నేను ఆరు రోజులు దుప్పటిలో పడుకుని లెక్కపెట్టిన పాపానికి మా అమ్మను అందరికీ పెట్టి తాను పస్తుండే దేవతను చేసేశాను. ఆమెకు నచ్చనిది అదే.

"నలుగురి ముంగట నన్ను ఉపాసమున్నదాన్ని చేయకు. తినలేదని రాయకు" అన్నది. మళ్లీ వాకిట్లోకి చూసి, "గా రొట్టె సంగతి గూడ చెప్పకు. ఆవు కన్న ముంగట కోడలు తిన్నదని తెలిస్తే మీ నాయనమ్మ సచ్చేదాక అంటది. దానికన్న ఎక్కువ, రేపటి సంది ఆ రొట్టె నాకు దక్కదు."

"రెండూ ఎట్ల కుదురుతయ్ అమ్మా?"

అమ్మ రెండు గుప్పెళ్ల కందులు చెరిగింది. అప్పుడు తల ఎత్తింది. "ఇంగ్లీషుల చదువుతవ్ గదా? ఇంగ్లీషుల చెప్పుకో. మీ నాయనమ్మకు ఇంగ్లీషు వస్తదా ఏంది?"

సోమవారం మేడంకు ఈ సంగతి చెబితే మొదట ఆమె ముఖం కాస్త చిన్నబోయింది. ఏడ్చిన ఏడుపు వృథా అయితే ఎవరికైనా అట్లాగే ఉంటుంది. ఆకలితో ఉన్న నీలమ్మ ఆమెకు చాలా నచ్చింది మరి. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయారు. "ఇదే రాయి మణెమ్మా. మీ అమ్మ నీకంటే నాకంటే తెలివైనది. ఇంగ్లీషులోనే చదువుదాం, తెలుగులో ఒక్క ముక్క రానివ్వను, మాట" అని చెయ్యి చాపారు. టీచరు చేతిలో చెయ్యి వేయడం నాకదే మొదటిసారి. అరచేతిలో సుద్ద ఉంది. నోట్‌బుక్‌లో నాలుగో పేజీ నుంచి ఉన్నది ఆ రెండో రాత. అందులో నీలమ్మ ఇరవై మూడు రొట్టెలు చేస్తుంది.

వార్షికోత్సవం రోజు బడి మైదానంలో షామియానా వేశారు. అమ్మ, నాయనమ్మ ఆడవాళ్ల వైపు మూడో వరసలో కూర్చున్నారు, నాయిన డ్యూటీ మీద ఉన్నాడు. నేను మైకు పట్టుకుని మొత్తం ఇంగ్లీషులో గడగడా చదివేశాను. ఇరవై మూడో రొట్టె వాక్యం వచ్చినప్పుడు అమ్మ వైపు చూడకుండా పైన కట్టిన రంగు కాగితాలను చూశాను. చప్పట్లు పడ్డాయి. దిగిపోబోతుంటే, ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దసారు ఒకాయన, చాలా మంచి మనిషి, మైకు తన వైపు తిప్పుకున్నారు.

"బాగ చదివినవమ్మా. మరి నీ రాతల ఉన్నది అమ్మలే గదా, వాళ్లకు అర్థం కావాలె గదా. తెలుగుల చెప్పు."

మేడం లేచి నిలబడ్డారు. "టైము లేదు సార్, డాన్సు పిల్లలు రెడీగా ఉన్నారు."

"రెండు నిమిషాలమ్మా, ఏం కాదు."

మంచి మనుషులతో వచ్చే ఇబ్బందే ఇది. నేను మొదలుపెట్టాను. పొయ్యి, పిండి, తడిగుడ్డ అన్నీ చెప్పాను. లెక్క దగ్గరికి వచ్చేసరికి, నా జన్మలో మొదటిసారి తెలిసి తెలిసి ఒక అంకె మింగేశాను. ఇరవై రెండు రొట్టెలు, ఆవుకు ఒకటి, నాయినకు అయిదు, చిన్నాయనకు ఆరు, నాయనమ్మకు మూడు, అన్నకు నాలుగు, నాకు మూడు, అని ముగించి దండం పెట్టాను. గండం గడిచిందనుకున్నాను. కానీ మూడో వరసలో నాయనమ్మ బొటనవేలు కణుపుల మీద నడుస్తోందన్న సంగతి నేను మరిచాను.

"ఆగు బిడ్డా" అని ఆమె కూర్చున్నచోటి నుంచే అన్నది. మందను పిలిచిన గొంతు, మైకు అవసరం లేదు. "లెక్క సరిపోయింది గని మనిషి తక్కువయింది. మీ అమ్మది యాడ పోయింది?"

నేను మేడంను చూశాను. మేడం నేలను చూశారు. పెద్దసారు నా వైపు చూస్తూ జవాబు కోసం ఆగారు. అబద్ధం చెబితే అమ్మ ఉపాసమున్నదవుతుంది, నిజం చెబితే రొట్టె పోతుంది. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నా జీవితంలో లెక్క తెలియని సమయం అదొక్కటే. అప్పుడు అమ్మ లేచింది. కొంగు తల మీదికి లాక్కుంది.

"నేను తింట అత్తమ్మ."

"ఏది తింటవ్?"

"పెనం చూసే రొట్టె."

"అది ఎప్పుడు చేస్తవ్?"

"అందరికన్న ముంగట."

"ఆవు కన్ననా?"

"ఆవు కన్న ముంగటనే."

అప్పుడు షహనాజ్ వాళ్లమ్మ కిసుక్కున నవ్వింది. "మా ఇంట్ల పెనం చూసేది ఉండదమ్మా, ఉప్పు చూసేది ఉంటది. ఉప్పు చూస్తనని సగం గిన్నె కూర సాల్న తాగుత." ఇంకొకామె, "నాది పాలు పొంగినయా లేదా చూసుడు" అన్నది. ఇంకెవరో వెనకనుంచి, "చెప్పకుండ్రి, మా అత్త ఈన్నే ఉన్నది" అన్నది. ఆడవాళ్ల వైపు మూడు వరసలు నవ్వుతూ ఒకరి మీద ఒకరు పడ్డారు. మగవాళ్ల వైపు ఒక్కరూ నవ్వలేదు, అందరూ ఇంటి గిన్నెల గురించి ఆలోచిస్తున్నట్టున్నారు. పెద్దసారు, "నేను గూడ ఇంటికి పోయి అడగాలె" అని మైకు ఇచ్చేశారు. బడి నుంచి ఇంటికి ఆరు వందల నలభై అడుగులు. అంత దూరమూ నాయనమ్మ మాకంటే పది అడుగులు ముందే నడిచింది, వెనక్కి తిరగలేదు.

మర్నాడు పొద్దున నాకు రోజూ కంటే ముందే మెలకువ వచ్చింది. దుప్పటి సందులోంచి చూస్తే పొయ్యి ముందు ఇద్దరున్నారు. నాయనమ్మ పీట వేసుకుని కూర్చుంది. అమ్మ చేతిలో పిండి ముద్ద ఉంది గానీ, ఏం చేయాలో తెలియనట్టు పట్టుకుంది.

"కానియ్యి. రోజు చేసే తీరుగనే చెయ్యి" అన్నది నాయనమ్మ.

అమ్మ పెనం మీద వేళ్లతో ఒత్తింది. చప్పుడు లేదు. కాలాక నాయనమ్మ చెయ్యి చాపింది. రొట్టె రెండు ముక్కలైంది. ఆమె కారం అద్దుకుని నెమ్మదిగా నమిలింది.

"మంచిగున్నది. ఎన్నేండ్ల సంది తింటున్నవ్?"

"వచ్చిన కాన్నుంచి. పదిహేడేండ్లు."

నాయనమ్మ బొటనవేలు కణుపుల మీదికి పోయింది. ఆమె అవస్థ చూడలేక దుప్పటిలోంచి నేనే చెప్పాను. "ఆరు వేల రెండు వందల తొమ్మిది, లీపు సంవత్సరాలు కలుపుకొని. పుట్టింటికి పోయిన దినాలు తీసెయ్యాలె."

ఆ రోజు అమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నాయనమ్మ ఆవు గురించి ఒక్క మాట అనలేదు. అనకపోగా, మర్నాడూ వచ్చి కూర్చుంది. ఆ మర్నాడూ వచ్చింది. వారం తిరక్కముందే అది ఆమె హక్కయింది. ఆ తర్వాత పదకొండేళ్లు, ఆమె పోయేదాకా, ఒక్కరోజు తప్పలేదు. అమ్మ ఆ రొట్టెను కొంచెం పెద్దది చేసింది. ఎంత పెద్దది చేసినా సగం సగమే. నేను పుస్తకాల సంచి సర్దుకుంటుంటే ఒకరోజు అన్నది, "నీ ఇంగ్లీషు నా రొట్టెల సగం తిన్నది."

నవ్వుతూనే అన్నది కాబట్టి నేనూ నవ్వేశాను. మేడంకు చెబితే ఆమె చాలా సంబరపడ్డారు. రాయని పని కనబడదు, రాస్తే అత్తా కోడళ్లు ఒక పొయ్యి ముందు కూర్చున్నారు, ఇంతకంటే ఏం కావాలి అని ఇంకో రెండు క్లాసులకు ఈ కథ చెప్పారు. నేనూ అట్లాగే చెప్పుకుంటూ వచ్చాను. పదో తరగతితో నా చదువు ఆగింది గానీ ఈ కథ ఆగలేదు. యూనిట్‌లో బండలు మోసే ఆడవాళ్లు మధ్యాహ్నం డబ్బాలు విప్పినప్పుడు ఎన్నోసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ చివర్లో గెలుపు మాదే.

వికారాబాద్ నుంచి తిరిగి వచ్చిన రోజు అమ్మను అనుమతి అడిగాను. ఆమెకు ఇప్పుడు డెబ్బై దాటాయి, నా దగ్గరే ఉంటుంది. తాండూరులో ఇప్పుడు సందుకొక రొట్టెల దుకాణం ఉంది, అయినా మా ఇంట్లో అమ్మే కొడుతుంది. ఇంట్లో ఉన్నది నలుగురమే, రోజుకు తొమ్మిది. గ్యాసు పొయ్యి మీద అరచేతి చప్పుడు ఇదివరకంత పెద్దగా రాదు. మా బిడ్డ కోట్‌పల్లిలో ఇంగ్లీషు టీచరు, ఆమె ఫోనులో ఇంగ్లీషులో ఏం మాట్లాడినా మాకు సగం అర్థమవుతుంది. ఏదైనా దాచుకోవాలంటే ఇంట్లో ఇక మిగిలింది అమ్మ కన్నడమే. నోట్‌బుక్ చూపించి సంగతంతా చెప్పాను. అత్తా కోడళ్లు కలిసి తినడంతో ముగిస్తాను, బాగుంటుంది అన్నాను.

అమ్మ ఆ గోధుమరంగు కాగితాన్ని వేలితో తడిమింది.

"కలిసి తిన్నం, నిజమే. మంచిగనే ఉండె, కాదంటలేను. గొర్ల ముచ్చట్లు చెప్పేది, నేను ఇనేదాన్ని. కని ఒక్క మాట చెప్త ఇను. నాతోని కలిపి ఇంట్ల ఆరుగురం. తెల్లారితే పొద్దుమీకె దాక నన్ను ఎవ్వలో ఒగలు పిలవని నిమిషం లేకుండె. గా రొట్టె నమిలేటంత సేపు ఎవ్వలు పిలవకపోదురు. నాకు గది కావాలె. రొట్టె ఏమున్నదే, అడిగితే మీ నాయిన రెండు తక్కువ తినకపోవునా? నువ్వు, మీ మేడం కలిసి రొట్టె లెక్కపెట్టిన్రు."

ముప్పై ఆరేళ్లుగా నేను సరిపోయిందనుకున్న లెక్క అది. పదకొండేళ్లకు రోజుకు సగం చొప్పున గుణించబోయి, గుణించాల్సింది రొట్టెలను కాదని గుర్తొచ్చి ఆగిపోయాను.

"అయితే వద్దని చెప్తనమ్మా మేడంకు. అచ్చు వేయద్దని చెప్త."

"ఎందుకు వద్దు? ఏయమను. అందరికి తెల్వనియ్యి, నేను ఉపాసమున్నదాన్ని కాదని." అమ్మ నోట్‌బుక్ నాకు తిరిగి ఇచ్చింది. "ఆఖరుకు ఒక్క మాట రాయి. నీలమ్మ ఇప్పుడు గా రొట్టె తినుడు మానేసిందని రాయి."

"మానేసినవా?"

"నువ్వు రాయి."

"నిజంగ మానేసినవా అమ్మా?"

"తెలిస్తే నువ్వు గూడ పీట ఏసుకొని వస్తవు సగానికి. రాయమన్నంక రాయి."

మేడం వెయ్యి మాటలు అడిగారు, అవి ఎప్పుడో దాటిపోయాయి. కాబట్టి అమ్మ చెప్పింది చెప్పినట్టు రాసి ముగిస్తున్నాను. నీలమ్మ పెనం చూసే రొట్టె తినడం మానేసింది. రోజూ పొద్దున అయిదింటికి మా వంటింట్లో లైటు వెలుగుతుంది. అయిదూ ఇరవైకి గానీ ‘ఒందు’ అన్న మాట వినబడదు. మధ్యలో పెనం వేడెక్కుతూ ఉంటుందేమో. నేను దుప్పటి కప్పుకుని పడుకునే ఉంటాను. లెక్కపెట్టడం లేదు.